దర్జీకీ సుత్తికీ మధ్య

సాయంత్రం పత్రికలో ఆయన రాసే కాలమ్‌కి పేరు పెట్టింది ఆయన కాదు. ఎప్పుడో ఒక పాత ఎడిటర్ "ఎవరిది పైచెయ్యి?" అని శీర్షిక తగిలించాడు, అదే నిలిచిపోయింది. ఊళ్లో ఏ బాక్సింగ్ పోటీ జరిగినా ముందు ఆ కాలమ్ రావాల్సిందే. ఇద్దరిలో ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో ఆయన చెప్పాల్సిందే. ఆ రాతల పుణ్యమా అని ఆయన అసలు పేరు జనం మరిచిపోయారు. ఆఫీసులోనూ, వీధిలోనూ, చివరికి పాలు పోసేవాడి నోట కూడా ఆయన జోస్యం మాస్టారే.

నిజానికి ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పలేదు, జోస్యమూ చెప్పలేదు. చూసింది రాసేవాడు. పోటీకి ముందు బాక్సర్లిద్దరూ సాధన చేసే చోటికి వెళ్లి, గోడవార బల్ల మీద కూర్చుని, చేతుల కంటే ఎక్కువగా కాళ్లని చూసేవాడు. చెయ్యి బొంకుతుంది గానీ కాలు బొంకదని ఆయన నమ్మకం. చెప్పింది జరగకపోతే, ఎక్కడ పొరబడ్డాడో మర్నాడే రాసేవాడు. అందుకే జనం ఆయన్ని నమ్మేవారు.

పైకి ఆయన పేరే ఉన్నా ఆ కాలమ్ ఇద్దరిది. రెండో మనిషి ఆయన కూతురు. బడి చదువు మొదలుపెట్టకముందే తండ్రి భుజాలెక్కి పోటీలు చూసిన పిల్ల. తండ్రికి నేర్పుగా ఆడేవాళ్లంటే ఇష్టం. కూతురికి గట్టిగా గుద్దేవాళ్లంటే ఇష్టం. "నువ్వెన్ని ఎత్తులైనా చెప్పు నాన్నా, తగిలితే ఒక్కటి చాలు" అనేది. ఆయన రాసింది చదివి వినిపిస్తే, ఆమె అడ్డం పడి వాదించేది. ఆమె ముందు నిలవని వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాసేవాడు. ఇప్పుడామె పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన కీళ్లని కదిలించడం, కట్లు విప్పిన చేతులకి మళ్లీ పని నేర్పడం ఆమె ఉద్యోగం. అయినా వాదన మాత్రం మానలేదు. సంగీతం టీచరైన తల్లి ఈ ఇద్దరి మధ్యా కూర్చుని, "కూరలో ఉప్పుందో లేదో చెప్పలేరు గానీ, ఎవడి దవడ ఎప్పుడు పగులుతుందో మాత్రం తండ్రీకూతుళ్లకి కంఠతా వచ్చు" అని నవ్వేది.

ఆ ఏడాది ఊరంతా ఎదురుచూసిన పోటీ దర్జీకీ సుత్తికీ మధ్య.

దర్జీ నిజంగానే ఒక దర్జీ కొడుకు. నెమ్మదస్తుడు. రింగ్‌లో కూడా అంతే, తొందరపడడు. ఎదుటివాడు చెయ్యి విసిరితే బెత్తెడు వెనక్కి వాలతాడు, ఆ చెయ్యి గాల్లోంచి తిరిగి వెళ్లేలోగా తన కుడి చేత్తో ఒక్కటి అంటిస్తాడు. అది బలంగా ఉండదు గానీ సరిగ్గా తగలాల్సిన చోట తగులుతుంది. సూదిలో దారం ఎక్కించినట్టు ఉంటుందని మాస్టారే ఒకసారి రాశాడు.

సుత్తికి ఆ పేరు రావడానికి రెండు కారణాలు. ఒకటి అతని గుద్దు. అతని చేతిలో దెబ్బ తిని, రౌండ్లన్నీ అయ్యేదాకా నిలబడ్డవాళ్లు తక్కువ. రెండోది అతని నోరు. దొరికినవాణ్ణి దొరికినట్టు కూర్చోబెట్టి సుత్తి కొట్టేవాడు. అతను వీధి మొదట్లో కనిపిస్తే చివర్లో తలుపులు మూసేసుకుంటారని ఒక జోకు. మనసు మాత్రం వెన్న.

పోటీకి పది రోజుల ముందు మాస్టారు ఇద్దర్నీ చూడ్డానికి వెళ్లాడు. దర్జీ సాధన చేసేది టైర్ల దుకాణం మీది మేడగదిలో. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. ఆ రోజు దర్జీ అంతసేపూ ఎడమ చేత్తోనే ఆడాడు. ఎడమ చేత్తో కొట్టడం, పక్కకి జరగడం, మళ్లీ కొట్టడం. కుడి చెయ్యి గడ్డం దగ్గర కదలకుండా ఉంది.

"కుడి చేతికి సెలవిచ్చారా?" అని మాస్టారు అడిగాడు.

దర్జీ కోచ్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఇవాళ ఎడమ చేతి రోజు మాస్టారూ. ఒక్కో చేతికీ ఒక్కో రోజు పెట్టుకున్నాం" అన్నాడు.

మాస్టారికి అనుమానం రాలేదు. దర్జీ కుడి చెయ్యి ఆయన ఎన్నిసార్లు చూడలేదు గనక!

సుత్తి ఉండేది పాత గోడౌన్‌లో. అతను ఇసుక సంచిని గుద్దినప్పుడల్లా పైకప్పుకి కట్టిన గొలుసు మూలిగేది. సాధన కాగానే వచ్చి మాస్టారి పక్కన చతికిలబడి, తను కొన్న పాత స్కూటర్ గురించి ఎత్తుకున్నాడు. దాని కార్బురేటర్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా వచ్చేసరికి మాస్టారి టీ చల్లారిపోయింది. అయినా ఆయన చూడాల్సింది చూశాడు. సుత్తి ఎడమ చెయ్యి విసిరాక, దాన్ని మళ్లీ దవడ దగ్గరికి తెచ్చుకోడు. ఛాతీ దగ్గరే వదిలేస్తాడు. దర్జీ కుడి చెయ్యి దిగేది సరిగ్గా ఆ సందులోకే.

కాలమ్ దానంతటదే తయారైపోయింది. రెండు రోజుల తర్వాత, భోజనాల దగ్గర కూర్చుని చదివి వినిపించాడు.

"సుత్తి ఎడమ చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు దవడ దగ్గర జానెడు ఖాళీ మిగులుతుంది. దర్జీకి ఆ జానెడు చాలు. అతని కుడి చెయ్యి మొదటి రౌండ్లోనే ఆ దారి కనుక్కుంటుంది. ఆ తర్వాత సుత్తికి ముందడుగు వెయ్యడమే కష్టమవుతుంది. బలం ఎంతున్నా అది తగిలితేనే కదా లెక్క. ఈ పోటీ దర్జీది."

చదవడం ఆపి కూతురి వైపు చూశాడు. మామూలుగా అయితే ఈపాటికి ఆమె రెండుసార్లు అడ్డం పడి ఉండాలి. ఈరోజు పళ్లెంలోకి చూస్తూ, తినకుండా వేళ్లతో కెలుకుతోంది.

"ఏం తల్లీ, సుత్తి తరఫున వకాల్తా పుచ్చుకోవా?"

"ఈసారి నన్నేం అడక్కు నాన్నా."

"అంత అధ్వాన్నంగా ఉందా?"

"బాగానే రాశావు. నన్ను అడక్కు, అంతే."

తల్లి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆసుపత్రిలో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏం లేదమ్మా. అలిసిపోయాను." ఆమె పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయింది. వంటింట్లో కుళాయి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు వినిపించింది.

మాస్టారు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎదుటివాడి భుజం ఎటు వాలుతుందో చూసి దెబ్బ ఎటు వస్తుందో చెప్పే మనిషి ఆయన. కుడి చెయ్యి మాట రాగానే కూతురు తల దించుకోవడం ఆయన కళ్లు దాటిపోలేదు. కిందటి నెల్లో ఆమె తనని భుజాల విభాగానికి మార్చారని చెప్పింది. మేడగదిలో దర్జీ కుడి చెయ్యి గడ్డం దగ్గర్నుంచి కదల్లేదు. ముక్కకి ముక్క అతుక్కుంది. దర్జీ కుడి భుజం దెబ్బతింది. దానికి వైద్యం చేస్తున్నది తన కూతురే.

తెలియకపోయినా బాగుండేది అనుకున్నాడు. కానీ తెలిసినదాన్ని తెలియకుండా చేసే మందు ఎక్కడా దొరకదు. ఆమె మాట జారలేదు. తండ్రి దగ్గర కూడా రోగి గుట్టు దాచుకుంది, అది ఆమె ధర్మం. కానీ ఏనాడూ నోరు మూసుకోని పిల్ల నోరు మూసుకుంటే, ఆ మూత కూడా ఒక మాటే అయింది.

మర్నాడు ఉదయం ఆఫీసుకి నడుస్తూ దారి పొడవునా అదే ఆలోచన. దర్జీ ఓడిపోతాడు, అందులో సందేహం లేదు. కుడి చెయ్యి లేని దర్జీ అంటే కత్తెర లేని దర్జీయే. కాలమ్ మార్చి సుత్తి గెలుస్తాడని రాస్తే, జోస్యం ఫలిస్తుంది. కానీ మాస్టారి కూతురు ఎక్కడ పని చేస్తుందో ఊరందరికీ తెలుసు. జీవితమంతా నేర్పు వైపు మొగ్గినవాడు ఇవాళ హఠాత్తుగా సుత్తి పాట పాడితే, ఆ పాట ఎవరు నేర్పారో కనిపెట్టడం ఎంతసేపు? అంతకన్నా రాయకుండా ఊరుకోవడమే మేలనిపించింది.

పత్రిక ఎడిటర్ ఆయన కంటే వయసులో చాలా చిన్నది. అందరూ ఎడిటరమ్మ అంటారు. ఆమె బల్ల ముందు నిలబడి, "ఈ వారం కాలమ్ వద్దులేమ్మా, నాకు ఒంట్లో నలతగా ఉంది" అన్నాడు.

ఆమె కళ్లజోడు పైకి తోసి చూసింది. "నడుచుకుంటూ వచ్చారు, మెట్లెక్కారు. నలత ఎక్కడండీ? ఇంత పెద్ద పోటీకి మీ కాలమ్ లేకపోతే జనం ఊరుకుంటారా?"

"ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఏం రాయాలో తోచడం లేదు."

"మీకు తోచకపోవడమా!" ఆమె నవ్వబోయి ఆగింది. గొంతు తగ్గించి ముందుకి వంగింది. "మాస్టారూ, బాక్సర్లు వెళ్లే పెద్ద ఆసుపత్రిలోనే కదా మీ అమ్మాయి పనిచేసేది? ఎవరికైనా ఏమైనా అయిందా? ఉంటే చెప్పండి, మొదటి పేజీలో వేద్దాం."

రాసినా ముప్పే, రాయకపోయినా ముప్పే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో మాస్టారికి ఇన్నాళ్లకి తెలిసింది.

"అదేం లేదమ్మా. రాసే ఉంచాను, ఇంకోసారి చూసుకుందామని అంతే" అని జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. బయటికొచ్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. అది రాసినప్పుడు నిజమే రాశాను, నా కళ్లతో చూసిందే రాశాను, అని తనకి తాను చెప్పుకున్నాడు. ఈసారి పొరబడితే పొరబడ్డానని మర్నాడు రాస్తాను, కొత్తేముంది, అనుకున్నాడు.

కాలమ్ అచ్చయిన రోజు కూతురు బస్సులోనే చదివింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, తండ్రికి టీ పెట్టి తెచ్చి, బాల్కనీలో ఆయన పక్కన కూర్చుంది.

"మార్చలేదే" అంది కాసేపటికి.

"ఎందుకు మారుస్తాను? నువ్వు వాదించలేదు కదా."

ఆమె తండ్రి మొహంలోకి పరీక్షగా చూసింది. ఆయన టీ ఊదుకుంటున్నాడు. కింద వీధిలో ఎవరో మోటారుసైకిల్‌ని స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడుతున్నారు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆయనకి తెలిసిపోయిందో లేదో ఆమె అడగలేదు. అడిగితే ఆయన చెప్పకుండా ఉండలేడు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పోటీ రోజున ఇద్దరూ కలిసే వెళ్లారు. ఇండోర్ స్టేడియం కిక్కిరిసిపోయింది. పోటీ ఎనిమిది రౌండ్లు. రింగ్‌లోకి వచ్చేటప్పుడు దర్జీ అందరికీ తల వంచి నమస్కరించాడు. సుత్తి తాళ్ల మీంచి వంగి, ముందు వరసలోని ఎవరితోనో మాట్లాడుతుంటే రెఫరీ వచ్చి పిలుచుకుపోవాల్సి వచ్చింది. జనం గొల్లున నవ్వారు.

గంట మోగింది. మొదటి రౌండ్ సగం అయ్యేసరికే మాస్టారికి ఏదో తేడాగా అనిపించింది. తేడా దర్జీలో కాదు, సుత్తిలో. సుత్తి ఎడమ చెయ్యి దవడకి బంకతో అంటించినట్టు ఉంది. దాన్ని విసరడం లేదు, కిందకి దించడం లేదు. అతని కళ్లు దర్జీ కుడి చేతి మీదే ఉన్నాయి. ఎడమ చేత్తో దారి చేసుకుంటేనే అతని కుడి గుద్దుకి చోటు దొరికేది. అదే ఇప్పుడు లేదు. సంచి మీద గొలుసు మూలిగేలా గుద్దే మనిషి, చంటిబిడ్డని ఎత్తుకున్నవాడిలా జాగ్రత్తగా కదులుతున్నాడు.

రెండో రౌండ్లో మాస్టారికి అర్థమైంది. సుత్తి ఆ కాలమ్ చదివాడు. దవడ దగ్గర జానెడు ఖాళీని మూసుకుని, అందులో వస్తుందని రాసిన కుడి చెయ్యి కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ చెయ్యి రాదని ఈ హాల్లో తెలిసినవాళ్లు నలుగురో అయిదుగురో. వాళ్లలో తనొకడు.

దర్జీ ఎడమ చేత్తోనే ఆడాడు. తాకి తప్పుకోవడం, తాకి తప్పుకోవడం. కుడి చెయ్యి గడ్డం దగ్గర అలాగే ఉంచి, అప్పుడప్పుడు ఆ భుజాన్ని కొంచెం కదిపేవాడు. అది చాలు, సుత్తి ఆగిపోయేవాడు. ఆరు రౌండ్లు ఇలాగే నడిచాయి. జనం దర్జీ నేర్పుకి చప్పట్లు కొడుతున్నారు. మాస్టారు కొట్టలేదు. పక్కన కూతురు రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. దర్జీ భుజం కదిపినప్పుడల్లా ఆమె కూడా ఊపిరి బిగపడుతోంది.

ఏడో రౌండ్లో ఒకసారి సుత్తి తడబడి ఎడమ చెయ్యి దించేశాడు. దవడ పూర్తిగా తెరుచుకుంది. దర్జీ ఎదురుగానే ఉన్నాడు, అయినా కుడి చెయ్యి రాలేదు. సుత్తి ఒక్క క్షణం అలాగే నిలబడి అతన్ని చూశాడు. తర్వాత అతని మొహం మారింది. ఎడమ చెయ్యి విసిరాడు, వెనకే కుడి చెయ్యి. దర్జీ నేల మీద కూర్చుండిపోయాడు.

హాలంతా లేచి నిలబడింది. రెఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి దర్జీ లేచాడు. ఆ రౌండ్ మిగతాదంతా, ఎనిమిదో రౌండంతా సుత్తి తుఫానే. దర్జీ వాలాడు, జారాడు, తాళ్ల వెంబడి తిరిగాడు, వీలైనప్పుడల్లా సుత్తిని కావలించుకుని వేలాడాడు. ఆఖరి గంట మోగేసరికి నిలబడే ఉన్నాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు దర్జీకి ఇచ్చారు, ఒకరు సుత్తికి. దర్జీ గెలిచాడు.

"చెప్పినట్టే అయింది మాస్టారూ!" అంటూ వెనక వరసల్లోంచి ఎవరెవరో వచ్చి ఆయన వీపు తట్టారు. గెలిచింది ఆయనే అన్నట్టు చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు గానీ, కళ్లు సుత్తి కూర్చున్న మూలకే పోయాయి.

రెండు రోజుల తర్వాత సుత్తి పత్రికాఫీసుకి వచ్చాడు. ఒక కన్ను వాచి సగం మూసుకుపోయి ఉంది. అతన్ని చూడగానే పక్క బల్ల మీది ప్రూఫ్‌రీడరు దగ్గుతూ బయటికి నడిచాడు. ఇంకొకాయనకి హఠాత్తుగా ఫోను చెయ్యాల్సిన పని గుర్తొచ్చింది. సుత్తి కుర్చీ లాక్కుని మాస్టారి ఎదురుగా కూర్చున్నాడు.

"మీకు థాంక్స్ చెప్పాలని వచ్చా మాస్టారూ."

మాస్టారు తెల్లబోయాడు. "నాకా? ఎందుకు?"

"నా ఎడమ చెయ్యి కిందకి దిగుతుందని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదండీ. మీరు రాశాకే మా కోచ్ చూశాడు. మీ కాలమ్ కత్తిరించి గోడకి అంటించాడు. పోటీ దాకా రోజూ అదే పని, దవడ కాసుకో, దవడ కాసుకో. నిద్రలో కూడా దవడ మీద చెయ్యి పెట్టుకుంటున్నానని మా ఆవిడ నవ్వింది. పన్ను నొప్పా అని అడిగింది. అసలు పన్ను నొప్పంటే గుర్తొచ్చింది, మా బావమరిదికి..."

బావమరిది పన్ను కథ చాలాసేపు సాగింది. మాస్టారు కదల్లేదు. టీ తెప్పించాడు. సుత్తి పన్ను దగ్గర్నుంచి స్కూటర్‌కి, స్కూటర్ నుంచి తన పెళ్లికి వెళ్లి, మళ్లీ పోటీ దగ్గరికి వచ్చాడు.

"ఒక్కటే అర్థం కాలేదు మాస్టారూ. ఆ కుడి చెయ్యి ఎందుకు రాలేదంటారు? నేను ఆరు రౌండ్లు దాని కోసమే కాచుకుని కూర్చున్నా. పెళ్లికూతురి కోసం కూడా అంతలా చూళ్లేదు. మీకేమైనా తెలుసా?"

మాస్టారు టీ కప్పు కింద పెట్టాడు. "రింగ్‌లో ఉన్నది నువ్వు బాబూ. నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

అన్న మరుక్షణమే ఆయనకి తన మాట తనకే చేదుగా తగిలింది. సుత్తి మాత్రం, "అదీ నిజమేలెండి" అని, ఇంకో కథలోకి దిగాడు. ఆఫీసులో దీపాలు వెలిగేదాకా అతను చెబుతూనే ఉన్నాడు, మాస్టారు వింటూనే ఉన్నాడు. సుత్తి చెప్పే కథని మధ్యలో లేవకుండా ఆసాంతం విన్న మనిషిని ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ వారంలోనే దర్జీ ఆసుపత్రిలో చేరాడు. భుజానికి ఆపరేషన్. పోటీకి ముందే దెబ్బ తగిలిందనీ, డాక్టర్లు వద్దన్నా తనే మొండికేసి దిగాననీ, ఈసారి బతికి బయటపడ్డాను గానీ ఇంకెవరూ ఇలాంటి పని చెయ్యొద్దనీ దర్జీ తనే విలేకరుల్ని పిలిచి చెప్పాడు. తన భుజాన్ని చూసిన ఫిజియోథెరపిస్టుకి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం కూతురు ఇంటికి రాగానే మాస్టారు అన్నీ చెప్పేశాడు. భోజనాల బల్ల దగ్గర అర్థమైన సంగతి, ఎడిటరమ్మ అడిగిన మాట, గోడకి అంటించిన కాలమ్, సుత్తికి తను చెప్పిన జవాబు. తల్లి హార్మోనియం మూసి, లేచి వచ్చి వింది.

"అంటే నేను చెప్పేసినట్టే" అంది కూతురు. ఆమె మొహం పాలిపోయింది.

"నువ్వేం చెప్పలేదు. నేను చూశాను."

"ఎప్పట్లాగే వాదించి ఉండాల్సింది. సుత్తి గెలుస్తాడని ఏదో ఒకటి అరిచేస్తే నీకు అనుమానం వచ్చేది కాదు. నాకు నటించడం చేతకాలేదు నాన్నా."

"చేతకాకపోవడమే మంచిది."

"నువ్వు నా కోసం ఊరుకున్నావు. దానికి సుత్తి ఆరు రౌండ్లు పోగొట్టుకున్నాడు."

భార్య మాస్టారి భుజం మీద చెయ్యి వేసింది. "ఒకరి గుట్టు కాపాడితే ఇంకొకరికి దెబ్బ. ఇందులో మీరు మాత్రం ఏం చేస్తారు? కానీ ఆ అబ్బాయికి చెప్పిన మాట ఉంది చూశారూ, అది మాత్రం సరిచేసుకోండి. లేకపోతే మీకు నిద్ర పట్టదు, మీరు అటూ ఇటూ దొర్లుతుంటే నాకూ పట్టదు" అంది.

సరిచేసుకునే అవకాశం సుత్తే తెచ్చాడు. మర్నాడు మాస్టారు ఆఫీసు మెట్లు దిగుతుంటే కింద స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి కథలేం ఎత్తుకోలేదు.

"దర్జీకి వైద్యం చేసింది మీ అమ్మాయేనటగా?"

"అవును."

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"ఆమె చెప్పలేదు. ఊహించాను. నువ్వు అడిగిన రోజు తెలియదన్నాను, అది అబద్ధం. కాలమ్ మారిస్తే ఆమె మీదికి వస్తుందని మార్చలేదు. దానివల్ల నీకు ఇలా అవుతుందని మాత్రం అనుకోలేదు. నన్ను తిట్టాలంటే తిట్టు బాబూ."

సుత్తి చాలాసేపు మాట్లాడలేదు. అతను అంతసేపు మాట్లాడకపోవడం మాస్టారికి తిట్ల కంటే కష్టంగా ఉంది. చివరికి సుత్తి హ్యాండిల్ మీది దుమ్ము బొటనవేలితో తుడుస్తూ అన్నాడు. "కోపం రాలేదని చెప్పను. నిన్న పేపర్ చూశాక రాత్రి అన్నం సయించలేదు. తర్వాత ఆలోచించా. మీ చోట్లో నేనుంటే ఏం చేసేవాణ్ణా అని. నేనైతే చెప్పేసేవాణ్ణి. ఊరంతటికీ చెప్పేసేవాణ్ణి. నా నోరు ఆగదుగా. ఆ పిల్ల ఉద్యోగం పొయ్యేది."

ఆ మాటకి అతనే ముందు నవ్వాడు. తర్వాత మాస్టారు కూడా నవ్వాడు గానీ, కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

"దర్జీ భుజం బాగయ్యాక మళ్లీ ఆడదాం అన్నాడండీ. ఇవాళ పొద్దున వెళ్లి చూసొచ్చా. గంటసేపు కూర్చున్నా. నర్సు వచ్చి రోగికి విశ్రాంతి కావాలని నన్ను పంపేసింది" అన్నాడు సుత్తి, స్కూటర్ కిక్ కొడుతూ.

మాస్టారు ఇకమీదట పోటీకి ముందు కాలమ్ రాయనని ఎడిటరమ్మకి చెప్పేశాడు. కూతురు ఆ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఏ బాక్సర్ ఎప్పుడు ఆమె దగ్గరికి వస్తాడో తెలియదు. ఒక పోటీకి రాసి ఇంకో పోటీకి మానేస్తే, మానెయ్యడమే ఒక వార్త అవుతుంది. కాబట్టి అన్నిటికీ మానెయ్యడమే దారి. పోటీ అయ్యాక, జరిగింది జరిగినట్టు రాస్తానన్నాడు. ఎడిటరమ్మ గొణిగింది, బతిమాలింది, చివరికి ఒప్పుకుంది. కూతురు తను వేరే ఆసుపత్రికి మారతానంది. ఆయన ఆ మాట పూర్తి కానివ్వలేదు. "నీ పని పది మందికి చేతులిచ్చే పని. నా పని ఎవడు ఓడతాడో చెప్పడం. ఏది మానాలో దానికి కూడా పంచాయతీ ఎందుకు?" అన్నాడు.

కొన్నాళ్లకి ఒక ఆదివారం ఉదయం, బాల్కనీలో కూతురు తడి జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఆయన అడిగాడు. "ఇప్పుడు అడగొచ్చా? ఆ పోటీలో ఎవరు గెలుస్తారనుకున్నావు నువ్వు?"

"ఇప్పుడైతే ఏం పర్లేదు. ఆయనే ఊరంతా చెప్పుకున్నాడుగా." ఆమె తువ్వాలు భుజం మీద వేసుకుంది. "దర్జీయే అనుకున్నాను."

"భుజం సంగతి తెలిసి కూడానా?"

"తెలుసు కాబట్టే. మొదటి రోజు ఆయనకి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాలేదు నాన్నా. వారం తిరిగేసరికి ఒంటి ఎడమ చేత్తో పెట్టుకుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించి చూపించాడు. నేను మా విభాగం తలుపు తాళం తీసేసరికే వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఆ చేత్తోనే ఎలాగోలా నెట్టుకొస్తాడనిపించింది."

"నేనేమో నువ్వు తల దించుకోవడం చూసి, దర్జీ ఓడిపోతాడని నీకు తెలుసనుకున్నాను. ఓడిపోతాడనే అనుకుంటూ హాల్లో కూర్చున్నాను."

"అక్కడే పొరబడ్డావు" అంది కూతురు. "నేను తల దించుకున్నది ఓడిపోతాడని కాదు, నవ్వొస్తుందేమోనని భయమేసి. నువ్వు దర్జీ అంటున్నావు, నేనూ దర్జీ అనుకుంటున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీతో ఏకీభవించాను. అది పైకి చెప్పే వీల్లేకపోయింది."

లోపల్నుంచి తల్లి కేకేసింది, గుడ్లు ఉడికాయి, చల్లారిపోతున్నాయి అని. మాస్టారు లేవలేదు. "అయితే రెండో పోటీలో?" అన్నాడు. "భుజం బాగయ్యాక, సుత్తి చెయ్యి దించడం మానేశాక?"

కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇది కాలమ్‌కి కాదుగా?"

"కాదు. మనకి."

"దర్జీ ఇప్పటికీ నా పేషెంటే నాన్నా. ఆ పోటీ ఊసే ఎత్తకు" అంది ఆమె. "ఇంకేదైనా పోటీ అడుగు."

ఆయన కాసేపు ఆలోచించి, పక్క ఊరి నుంచి వస్తున్న ఇద్దరు కొత్త కుర్రాళ్ల పేర్లు చెప్పాడు. ఆమె వెంటనే గట్టిగా గుద్దేవాడి పక్షం పట్టింది. తల్లి గుడ్ల గిన్నె పట్టుకుని తనే బాల్కనీలోకి వచ్చేసరికి తండ్రీకూతుళ్లు గొంతులు పెంచి వాదించుకుంటున్నారు.